ఫోను లేని ఆడవాళ్ల మాట

భూమక్క గురించి రాసే అర్హత నాకు లేదు. ఆమె ఇరవై ఫారాలు ఇంటింటికీ తిరిగి నింపి దొంగ అనిపించుకున్న వారమే, నేను ఇరవై ఫారాలు ఒక్క చోట కూర్చుని నింపి శభాష్ అనిపించుకున్నాను. అయినా రాస్తున్నాను. రాయాల్సినవాళ్లెవరూ రాయరు కనుక.

మాది సర్వే పని. హైదరాబాదులో ఉన్న ఒక కంపెనీ మా చేతికి ట్యాబులిచ్చి ఊళ్ల మీదికి పంపిస్తుంది. నల్లా నీళ్లు వస్తాయా, రేషన్ బియ్యం ఎట్లా ఉన్నాయి, దవాఖానలో డాక్టరుంటాడా, బస్సు ఆగుతుందా, రేపు ఓటు ఎవరికేస్తారు, ఇట్లాంటివి ఒక నలభై ప్రశ్నలు. ఎవరి కోసం ఈ సర్వే అని వాళ్లు చెప్పరు, మేమూ అడగం. కామారెడ్డిలో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న నాలాంటి ఆడపిల్లలు, సొంత బండి ఉన్న మగపిల్లలు ఈ పనిలో ఎక్కువ. యాభై ఒక్క ఏండ్ల భూమక్క ఒక్కతే మా అందరిలో వేరుగా కనిపించేది. ట్యాబు మీద ఒకే వేలితో, ప్రతి అక్షరాన్నీ పొడిచి పొడిచి రాసేది. మేం నవ్వుకునేవాళ్లం. ఆమెకు తెలుసు. పట్టించుకునేది కాదు.

ఎల్లారెడ్డిలో పుట్టి ఎల్లారెడ్డిలోనే కాపురం చేస్తున్న మనిషి. పన్నెండో ఏట చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేయడం మొదలుపెట్టి ముప్పై ఏండ్లు చేసింది. భర్త బీరయ్య గొర్లు కాస్తాడు. మేత వెంబడి మందను తోలుకుని పోయాడంటే మళ్లీ ఎప్పుడొస్తాడో ఆ గొర్లకే తెలియాలి. ఆమె ముప్పై ఆరేండ్లప్పుడు ఓపెన్ స్కూల్లో పదో తరగతి పాసయింది. ఆ వయసులో ఎందుకక్కా చదివావంటే, కార్ఖానావాళ్లు గోడకు అంటించే కాగితాలు ఇంకొకరిని బతిమాలి చదివించుకోవడం తన వల్ల కాలేదంది.

ఆ కార్ఖానాలోనే ఒకసారి, బీడీలు చూసి తీసుకునే మనిషి ఆమె కట్ట ఒకటి పనికిరాదని పక్కన పడేశాడట. భూమక్క అందులోంచి ఒక బీడీ తీసి, ముట్టించి, అతని చేతిలో పెట్టింది. "తాగు. తాగినంక పనికిరాదని చెప్పు, ఒప్పుకుంట" అంది. పాపం అతనికి బీడీ అలవాటు లేదు. అందరూ చూస్తుండగా దగ్గుకుంటూ రెండు దమ్ములు పీల్చి, ఆ కట్ట తీసి మంచివాటిలో కలిపాడట. ఈ ముచ్చట నాకు భూమక్క చెప్పలేదు. ఎల్లారెడ్డిలో బీడీలు చేసే ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది, ఒక్కొక్కరు ఒక్కో దమ్ము ఎక్కువ కలిపి.

సర్వే పనికి మాకు కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్లో మూడు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. ఊళ్లో కుడిచేతి వైపు నడవాలి. నాలుగు ఇండ్లు వదిలి ఐదో ఇంటికి పోవాలి. ఆ ఇంట్లో పెద్దవాళ్లందరిలో ఎవరి పుట్టినరోజు ముందుగా వస్తుందో వాళ్లనే అడగాలి, ఎదురొచ్చిన వాళ్లను కాదు. హైదరాబాదులో కూర్చుని రాసినవాళ్లకు ఇది గొప్పగానే కనబడి ఉంటుంది. మా దగ్గర ఏ ఇంట్లో ఆధార్ కార్డులు తీయించినా అందరూ జనవరి ఒకటినే పుట్టారు. అత్తదీ జనవరి ఒకటే, కోడలిదీ జనవరి ఒకటే. అందుకని మేమంతా ఏం చేసేవాళ్లమంటే, అరుగు మీద కూర్చున్న మగమనిషిని అడిగేసి, ఆయన పుట్టినరోజే ముందొస్తుందని నొక్కి వచ్చేసేవాళ్లం. అరుగు మీద కూర్చునే తీరిక మగవాళ్లకే కదా ఉండేది.

భూమక్క అట్లా కాదు. "మీ ఇంట్ల బోనాలప్పుడు పుట్టినోళ్లెవలు? నాట్లల్ల ఎవలు? బతుకమ్మ ముంగట ఎవలు?" అని మొదలుపెట్టేది. ఇంట్లో ముసలమ్మకు అన్నీ గుర్తుంటాయి, ఎవరు నాట్లలో పుట్టారో, ఎవరు పుట్టినప్పుడు వాన ఆగక మంత్రసాని వాగు దాటలేకపోయిందో. పది నిమిషాల్లో తేలిపోయేది. తేలేసరికి సగం ఇండ్లలో వంటింట్లోంచి ఒక ఆడమనిషి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చేది. "నన్నా? నాకేం ఎరుక? మా ఆయన్ను అడుగు" అని మళ్లీ లోపలికి పోబోయేది. "నీళ్లు మోసేది నువ్వా, ఆయనా?" అని భూమక్క ఒక్క మాట అడిగితే ఆగి కూర్చునేది.

మొన్నటి ఎండాకాలం సర్వేలో భూమక్కకు గాంధారి అవతల ఒక ఊరు పడింది. పేరు రాయను. సర్వేలో ఊరి పేరు బయటపెట్టకూడదని ఆమే నాకు బుద్ధి చెప్పింది. ఊరికి ఇరవై ఫారాలు. ఆ ఊళ్లో మగవాళ్లలో సగం మంది గల్ఫ్‌లో ఉన్నారు, మిగిలినవాళ్లలో సగం పొద్దున పోతే పొద్దుగూకితే గానీ రారు. ఆమె అడిగిన ఇరవై మందిలో పద్నాలుగు మంది ఆడవాళ్లు.

నల్లా నాలుగు రోజులకోసారి వస్తుందన్నారు. వచ్చినా వాడ చివరి ఇండ్లకు ఎక్కదన్నారు. ఎండాకాలమంతా బోరు దగ్గర బిందెలు వరస పెట్టడమేనన్నారు. నీళ్ల ప్రశ్నకు పదమూడు మంది 'అస్సలు బాగాలేదు' అన్నారు. పద్నాలుగో ఆమె నవ్వి, "బాగనే ఉన్నయ్, రా, నువ్వు తాగు" అందట. ఆమెది కూడా బాగాలేదని నొక్కేశావా అని నేనడిగాను. "గట్లెట్ల నొక్కుత? మల్ల అడిగిన. రెండోసారి సీదా చెప్పింది" అంది.

ప్రతి ఫారం చివర ఫోన్ నంబరు అడుగుతుంది. పది అంకెలు పడందే ఫారం ముందుకు పోదు. ఆ ఆడవాళ్లలో చాలామందికి సొంత ఫోను లేదు. గోడ మీద సుద్దతో రాసి ఉన్న నంబరు చూపించారు. అది మొగుడి నంబరు. గ్యాసుకైనా, రేషన్‌కైనా, బ్యాంకుకైనా వాళ్లిచ్చేది అదే. మనిషి షార్జాలో ఉన్నా, బ్యాంకు మెసేజ్‌ల కోసం ఇక్కడి సిమ్ము కూడా ఫోనులో వేసుకునే ఉంటాడు. భూమక్క ఆ నంబర్లే రాసుకుంది. ఏం రాయాలి మరి?

ఇక నా సంగతి. నాకు పడింది బాన్సువాడ దాటి నస్రుల్లాబాద్ వైపు ఒక ఊరు. మొదటి ఇంట్లోనే ఒక ముసలాయన, "పింఛన్లు తీసెయ్యనీకి వచ్చినవా?" అని కర్ర ఎత్తాడు. రెండో ఇంట్లో కుక్క వెంటబడింది. ఏప్రిల్ ఎండ. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఊరి బస్‌స్టాపులో నీడకు కూర్చున్నాను. కూర్చున్న చోటే ఇరవై ఫారాలూ నింపేశాను, అంతా బాగున్నట్టు. ఊళ్లోనే కూర్చున్నాను గనుక ఆఫీసు మ్యాపులో నా ట్యాబు ఉన్నచోటు చూపే చుక్కలు ఊళ్లోనే పడ్డాయి. ఫోన్ నంబర్లకు నా కాలేజీ స్నేహితులవి ఇచ్చి, ఎవరైనా అడిగితే 'అవును, అడిగారు' అని చెప్పండని అందరికీ మెసేజ్ పెట్టాను. అందరూ పొల్లుపోకుండా చెప్పారు.

వారం తర్వాత మమ్మల్ని చూసుకునే సూపర్‌వైజర్ శ్రీకాంత్, కామారెడ్డిలో కంపెనీ అద్దెకు తీసుకున్న గదికి అందరినీ పిలిచాడు. భూమక్క రాగానే, "అక్కా, నీ ఊరు ఎగిరిపోయింది" అన్నాడు.

"ఎగిరిపోవుడేంది?"

"ఆఫీసోళ్లు పది నంబర్లకు ఫోన్ చేసిండ్రు. ఎనిమిది మంది, మమ్మల్ని ఎవలు అడగలేదన్నరు. అందరు మొగోళ్లే. నీ ఫారాలల్ల ఏమో ఆడోళ్ల పేర్లున్నయ్. మూడుకంటె ఎక్కువ తప్పొస్తే ఊరు మొత్తం కొట్టేస్తరు. ఫేక్ అని రాసిండ్రు."

"ఫేక్ అంటే దొంగది. గంతే గదా?"

శ్రీకాంత్ చెడ్డవాడు కాదు. పైనుంచి వచ్చిన మాటను కిందికి చేరవేయడమే ఉద్యోగం అనుకునే మనిషి.

"ఫోను మొగోళ్లది. అడిగింది ఆడోళ్లను" అంది భూమక్క. "వాళ్లకు ఫోను లేదు. నోరున్నది. నోటితోని చెప్పిండ్రు, నేను చెవులతోని విన్న. ఇందుల దొంగ ఏమున్నది?"

"నాకు ఎరుకే అక్కా. ఆఫీసుకు గిదంతా తెల్వది. ఒక పని చేద్దాం. అవే నంబర్లకు నేను ఫోన్ చేస్త. ఎవలెత్తితే వాళ్లతోనే నింపేద్దాం. ఒక్క పూటల అయితది. నీ పేరు మీదనే పంపిస్త."

"షార్జల ఉన్నోనికి ఆ ఊరి నల్ల సంగతి ఏం ఎరుక?"

"వాళ్లను నీళ్ల గురించి అడిగిండ్రు కూడ. మంచిగనే వస్తున్నయన్నరు."

"అంటరు! ఊరు చూడక మూడేండ్లాయె. హైదరాబాద్ నుంచి ఎవలో అడుగుతున్నరంటే, తల్లి పింఛను ఎక్కడ పోతదో అని అన్ని మంచిగున్నయంటరు." ఆమె లేచి నిలబడింది. "శ్రీకాంతూ, నా పేరు మీద నువ్వు ఒక్క ఫారం పంపినవనుకో, నేను హైదరాబాదొచ్చి మీ ఆఫీసు మెట్ల మీద కూసుంట. ఎండ నాకు అలవాటే."

వాతావరణం చల్లబరచడానికి కాబోలు, శ్రీకాంత్ నా వైపు వేలు చూపించాడు. "సంజననైతె చూడుండ్రి. ఇరవైకి ఇరవై. ఒక్క ఫోన్ తప్పు రాలే." అందరూ నన్ను చూశారు. భూమక్క కూడా చూసింది. "పిల్ల మంచిగ చేసింది" అంది, నిజంగానే.

ఆదివారం మమ్మల్ని మళ్లీ ఆ గదికే పిలిచారు, హైదరాబాదు నుంచి ఆశ్రిత మేడం వచ్చింది. ఫారాలన్నీ సరిచూసి సర్వే ముగించేది ఆమే. ముప్పై ఏండ్లుంటాయి, నెమ్మదిగా మాట్లాడే మనిషి. కొట్టేసిన ఊళ్లను ఆ రోజే లెక్కలోంచి శాశ్వతంగా తీసేస్తారని శ్రీకాంత్ ముందే చెప్పాడు. అంటే సాయంత్రానికల్లా ఆ పద్నాలుగు మంది ఏమీ అననట్టే.

పదకొండు గంటలకు గది ముందు ఆటో ఆగింది. డ్రైవరుకు అటొకరూ ఇటొకరూ, వెనక మిగతావాళ్లూ, తొమ్మిది మంది ఆడవాళ్లు దిగారు. పదో మనిషి భూమక్క. ముందురోజే ఆ ఊరికి పోయి, అక్కడే పండుకుని, పొద్దున్నే గాంధారి మీదుగా అందరినీ తీసుకొచ్చింది. అంత దూరం ఆటోలో కుక్కుకుని వచ్చినందుకు కొంగులు దులుపుకుంటూ, జుట్టు సవరించుకుంటూ లోపలికొచ్చి కింద కూర్చున్నారు. కుర్చీలున్నాయని ఎవరూ చెప్పలేదు, నాతో సహా.

"ఎవరండీ వీళ్లు?" అంది ఆశ్రిత.

"మీరు ఫోన్ చేస్తె దొరకనోళ్లు మేడం. దొరకబట్టుకొచ్చిన" అంది భూమక్క.

ఆశ్రితకు విషయం అర్థమయ్యేసరికి ముఖం ఎర్రబడింది. "జవాబులిచ్చినవాళ్ల పేర్లు బయటపెట్టకూడదు భూమక్కా. ఇట్లా అందరి ముందుకు తీసుకురావడం పెద్ద తప్పు."

"తప్పే. తప్పని రాసుకోండ్రి. మరి ఉన్న మనుషుల్ని లేరని రాసుడు ఏం తప్పు?"

ఆ ఆడవాళ్లలో పెద్దామె, అరవై దాటిన మనిషి, మధ్యలో అందుకుంది. "నా పేరు దాచిపెట్టుమని నేను అనలే మేడం. నా పేరు సాలవ్వ. నల్ల మా ఇంటికి ఎక్కదు. నలుగుర్ల చెప్పమంటె నలుగుర్ల చెప్త."

ఆశ్రిత ల్యాప్‌టాప్‌లో ఆ ఊరి ఫారాలు తెరిచింది. అప్పుడు సత్యమ్మ అనే ఇంకొకామె లేచి, "మేడం, నా పేరు ముంగట ఉన్న నంబరుకు ఇప్పుడు ఫోన్ కొట్టుండ్రి. ఇయ్యాల ఆయనకు సెలవే" అంది. ఆశ్రిత కొట్టింది. స్పీకర్‌లో పెట్టింది.

"హలో, సాయిలు గారేనా? సర్వే ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను."

"మొన్ననే చెప్పిన గదమ్మా" అంది షార్జా నుంచి గొంతు. "నన్నెవలు అడగలే. మా ఊర్ల అన్ని మంచిగున్నయ్. నీళ్లు మంచిగనే వస్తున్నయ్."

"ఎవలింట్ల వస్తున్నయ్?" అంది సత్యమ్మ.

"సత్తెమ్మా? నువ్వేడున్నవ్?"

"కామారెడ్డిల. నన్నడిగిన దానికి నేను జవాబు చెప్పుకుంటున్న. మొన్న నువ్వు మరిది ఫోనుకు చేస్తె, బోరుకాడ లైన్ల ఉన్న అని చెప్పిన. యాదికి లేదా?"

"గవర్నమెంటోళ్లనుకున్ననే. అమ్మ పింఛను పోతదేమో అని..."

"పింఛను పోతె నేను కొట్లాడుకుంట. నీళ్ల సంగతి వాళ్లు నన్నడుగుతరు, నేను చెప్త. నువ్వు మద్దెల రాకు. పెట్టెయ్."

ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. సత్యమ్మ కూడా నవ్వింది గానీ ఆమె కండ్లలో నీళ్లు తిరిగాయి. మొగుడి మాటను నలుగురిలో కాదనడం ఆమెకు అదే మొదటిసారి అని నాకు అనిపించింది. ఆశ్రితకు కూడా అనిపించిందేమో, లేచి వెళ్లి తన సీసాలోని నీళ్లు ఇచ్చింది.

తర్వాత ఒక్కొక్కరినీ పక్క గదిలోకి పిలిచి, తలుపు దగ్గరికేసి, ఫారంలో ఉన్న ప్రశ్నలు మళ్లీ అడిగింది. గంట పట్టింది. బయటికొచ్చి, "తొమ్మిదీ సరిపోయాయి" అంది. "ఈ తొమ్మిదీ తీసుకుంటాను."

"మిగిలినయి?"

"వాళ్లు రాలేదు కదా భూమక్కా."

"ఇద్దరు కొనుగోలు సెంటర్ల వడ్లకాడ కావలి ఉన్నరు. ఒకామెకు నెలలు నిండినయ్. ఇద్దరు పెండ్లికి పోయిండ్రు. ఆటో ఎక్కనోళ్లు అబద్ధమెట్ల అయితరు? ఊరు మొత్తం తీసుకుంటె తీసుకోండ్రి, లేకుంటె ఈ తొమ్మిది సుత ఇయ్య. ఆ ఊరికి వచ్చి చూడుండ్రి. మీకు రోడ్డున్నది, కారున్నది."

భూమక్క గొంతు పెంచలేదు. ఆ తొమ్మిది మంది ఆడవాళ్లు కదలకుండా ఆశ్రితనే చూస్తున్నారు. ఆమె పెన్ను కింద పెట్టింది.

"రేపు పొద్దున వస్తాను" అంది. "అప్పటిదాకా ఊరు కొట్టేయను."

సాలవ్వ, "పొద్దుగాల్నే రా బిడ్డా, బోరుకాడ లైను చూద్దువు" అంది. శ్రీకాంత్ పరిస్థితి చక్కబెడదామని నోరు తెరిచాడు. "మేడం, మా టీముల మిగతా ఊర్లన్ని క్లీన్. సంజనదైతే ఒక్క ఫోన్ కూడ తప్పు రాలే."

"చూశాను" అంది ఆశ్రిత, నా వైపు తిరిగి. "జిల్లా మొత్తంలో ఒక్క తప్పు కూడా లేని ఊరు మీదొక్కటే. చాలా బాగా చేశారు."

నేను నిలబడ్డాను. ధైర్యం వచ్చి కాదు. కూర్చోవడం చేతకాలేదు.

"నావి కొట్టేయండి మేడం. నేను ఎవరినీ అడగలేదు. ఆ నంబర్లు నా స్నేహితులవి."

శ్రీకాంత్ నా పేరు సగం పలికి ఆపేశాడు. నేను భూమక్క వైపు చూడలేకపోయాను. గదిలో మొదట మాట్లాడింది సాలవ్వ.

"మరి ఆ ఊరి ఆడోళ్లు ఏమన్నరని రాసినవ్ బిడ్డా?"

"నీళ్లు మంచిగ వస్తున్నయని రాసిన అవ్వా."

"వస్తున్నయా?"

"తెల్వది."

ఆమె తల అడ్డంగా ఊపింది. "సాయిలు గంత దూరం నుంచి అబద్ధమాడిండు. నువ్వు వాళ్ల ఊర్లనే కూసొని ఆడినవ్" అంది. తిట్టినట్టు కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆశ్రిత నా ఫారాలు ఇరవైకి ఇరవై కొట్టేసింది. ఆ ఊరికి వేరేవాళ్లను పంపిస్తానంది. నా మెడలో ఉన్న కంపెనీ కార్డు తీసి ఇమ్మని చేయి చాపింది.

"వేరేటోళ్లు ఎందుకు మేడం?" అంది భూమక్క. "నింపినామెనే పోతది. ఇరవై ఇండ్ల ముంగట నిలబడి ఈమెనే అడుగుతది. కర్ర ఎత్తితే ఎత్తనీయుండ్రి. నేను ఎంబడి పోత. ఫారం ఫారం నేను చూస్త."

"ఆమెను నమ్మమంటారా?"

"నమ్మొద్దు. ఊరికి పోయి సరిచూసుకోండ్రి. ఫోన్ల మాత్రం కాదు."

ఆశ్రిత చాపిన చేయి వెనక్కి తీసుకుంది. భూమక్క నా దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొట్టినా పడేదాన్ని. బల్ల మీదున్న నా ట్యాబు తీసి నా చేతుల్లో పెట్టింది.

"బాన్సువాడ బస్సు ఒంటిగంటకున్నది" అంది. "లెవ్వు, పోదాం."